ఖాళీగానే దాటవలెను

మాచవరపాడును రైలు పట్టాలు రెండుగా కోశాయి. తూర్పున బస్టాండు, మిర్చి యార్డు, ఏరియా ఆసుపత్రి, పడమట మనుషులు. తూర్పువాళ్ళు పడమటిని 'గేటవతల' అంటారు. పడమటివాళ్ళు తూర్పును 'గేటవతల' అంటారు. ఆ లెక్కన ఆ ఊళ్ళో గేటుకు ఇవతల ఉన్నవాడంటూ ఒక్కడూ లేడు. ఈ సంగతి ఏ ప్రభుత్వ నివేదికలోనూ నమోదు కాలేదు గానీ, తరవాత జరిగినదంతా దీనికి వ్యాఖ్యానంలాగే జరిగింది.

పడమటి కాలనీలో సామ్రాజ్యం అనే ఆవిడ ఆటో నడిపేది. ఆ పేరు పెట్టిన తల్లిదండ్రులు ఏం ఆశించారో తెలియదు. ముప్పై ఎనిమిదేళ్ళు వచ్చేసరికి ఆమె ఏలుబడిలో ఉన్నవి ఒక ఆటో, ఒక చెల్లెలు. చెల్లెలి పేరు సౌభాగ్యం. నిరుడు ఎండాకాలంలో సౌభాగ్యానికి తొలి కాన్పు నొప్పులు వచ్చినప్పుడు సామ్రాజ్యం ఆమెను ఎక్కించుకొని ఇరవై రెండో నంబరు గేటు దాకా వచ్చింది. గేటు పడి ఉంది. ఒక గూడ్సు వెళ్ళింది, దాని వెనక ఎక్స్‌ప్రెస్సు, ఆ వెనక మరో గూడ్సు. మొత్తం ఇరవై ఆరు నిమిషాలు. ఆసుపత్రి బోర్డు మీది అక్షరాలు అక్కడి నుంచే చదువుకోవచ్చు. గేటు లేచి, ఆటో ఆసుపత్రి మెట్ల దగ్గర ఆగేసరికి బిడ్డ దక్కలేదు.

పట్టాల మీద వంతెన కట్టమని కాలనీవాళ్ళు పెట్టుకున్న అర్జీలో మొదటి సంతకం సామ్రాజ్యానిది.

ప్రభుత్వం నిర్దయమైనది కాదు. దానికొక సూత్రం ఉంది, అంతే. గేటు గుండా రోజుకు పోయే వాహనాల సంఖ్యను రోజుకు పోయే రైళ్ళ సంఖ్యతో హెచ్చవేయాలి. లబ్ధం లక్ష దాటితే వంతెన అవసరం, దాటకపోతే అనవసరం. ఈ గుణకారంలో ఉన్న సుగుణమేమిటంటే, దుఃఖం, కోపం, ప్రసవవేదన వంటి కొలతకందని పదార్థాలు ఇందులోకి చొరబడలేవు. మాచవరపాడు గేటుకు వాహనాలు రెండువేల నూట నలభై, రైళ్ళు అరవై రెండు. లబ్ధం ఒక లక్షా ముప్పై రెండువేల ఆరువందల ఎనభై. వంతెన మంజూరయింది.

ఆ అర్జీ ఏయే బల్లల మీద పడుకొని లేచిందో చెప్పనక్కర్లేదు. చివరికి వంతెనల విభాగం ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు త్రివిక్రమరావుగారు జీపులో వచ్చి, పునాదులు తవ్వడానికి వీలుగా గేటు మూయించి తాళం వేయించారు. వాహనాలన్నీ తుమ్మలచెరువు మీదుగా, పదకొండు కిలోమీటర్లు చుట్టి పోవాలని కలెక్టరుగారి ఉత్తర్వు అంటించారు. తవ్వే యంత్రం వచ్చింది. అప్పటికి సౌభాగ్యానికి మళ్ళీ ఎనిమిదో నెల.

యంత్రం ఇంకా నేలను తాకకముందే ఫైలులో ఒక లోపం బయటపడింది. వాహనాల లెక్క పాతబడిపోయింది. పని మొదలుపెట్టే నాటికి లెక్క తాజాగా ఉండాలని నిబంధన. కనుక మళ్ళీ లెక్కించడానికి రాజధాని నుంచి రద్దీ ప్రభావ నిపుణుడు డాక్టర్ అనంతశయనంగారిని పిలిపించారు. ఆయన తుమ్మలచెరువు గతుకుల్లో పడి, గంట ఆలస్యంగా వచ్చి, నడుం పట్టుకొని కారు దిగారు. మూసిన గేటు ముందు కుర్చీ వేయించుకొని, ఏడు రోజులు కూర్చొని, దాటిన వాహనాలను లెక్కపెట్టారు.

ఎనిమిదో రోజు ఉదయం గేటు దగ్గరే సమావేశం జరిగింది. కాలనీ జనం గుమిగూడారు. సామ్రాజ్యం ఆటో ఆపుకొని నిలబడింది.

అనంతశయనంగారు నివేదిక చదివారు. "అరవై రెండును శూన్యముచే గుణింపగా లబ్ధము శూన్యము. ఈ గేటు గుండా ప్రయాణించుటకు స్థానిక ప్రజలు ఎట్టి ఆసక్తియు కనబరచుట లేదు. నిర్మాణము వలన వాహనముల రద్దీపై కలుగు ప్రభావము: ఏమియు లేదు. హేతువు: రద్దీ లేదు."

సామ్రాజ్యం ఉండబట్టలేకపోయింది. "అయ్యా, తాళం ఏసిపెట్టారు గదయ్యా! గాల్లో ఎగిరిపోవాల్నా మేము?"

"అమ్మా, తాళము కారణము. నేను చెప్పుచున్నది పరిమాణము. ఆ రెంటిని కలుపరాదు."

"మరి తాళం తీసి లెక్కపెట్టండి."

"గేటు మూసి ఉండుట వంతెన పనిలో అంతర్భాగము," అన్నారు త్రివిక్రమరావుగారు. "దానిని తెరిచినచో పని ఆగినట్లు రికార్డగును. పని ఆగినచో మంజూరు రద్దగును."

"తెరవకపోతేనో?"

"లెక్క శూన్యము. అప్పుడును మంజూరు రద్దగును."

గేటుమాన్ సుభాని తలపాగా తీసి తల గోక్కున్నాడు. "అంటే సార్, వంతెన కట్టాలంటే గేటు మూయాల, గేటు మూస్తే వంతెన అక్కర్లా. ఇంతేనా?"

"సంక్షిప్తముగా గ్రహించినావు," అని త్రివిక్రమరావుగారు మెచ్చుకున్నారు.

ఆయన సామాన్యుడు కాదు. ముప్పై ఏళ్ళ ఉద్యోగంలో నిబంధనను ఎన్నడూ అతిక్రమించలేదు. నిబంధన పక్కన మరో నిబంధనను నిలబెట్టి, ఆ రెంటి సందులోంచి నడవడం ఆయన విద్య. మూడు రోజుల్లో ఉపాయం కనిపెట్టారు. కలెక్టరు ఉత్తర్వు నిషేధించింది ప్రజల ప్రయాణాన్ని. కార్యాలయపు పరికరాలను కాదు. రద్దీని కొలవడానికి వంద వాహనాలను శాఖ అద్దెకు తీసుకుంటుంది. ఆ క్షణం నుంచి అవి వాహనాలు కావు, కొలత సామగ్రి. సామగ్రి గేటు దాటవచ్చు, దాని కోసం తాళం తీస్తే గేటు తెరిచినట్టు కాదు. ఏడు రోజుల పాటు, ఒక్కొక్కటి రోజుకు తనకు కేటాయించిన చుట్లు తిరిగితే ప్రతిరోజూ లబ్ధం లక్ష దాటుతుంది. ఏ ఒక్క రోజు దాటకపోయినా మొత్తం చెల్లదు.

సామ్రాజ్యం ఆటోకు ముందూ వెనకా బోర్డులు కట్టారు: 'కొలత సామగ్రి. ప్రయాణికులు ఎక్కరాదు. ఖాళీగానే దాటవలెను.'

ఆమె ఒప్పుకోవడానికి రెండు కారణాలు. వంతెన కావాలన్నది మొదటిది. రెండోది చెల్లెలితో చెప్పింది. "డాక్టరమ్మ ఇచ్చిన తేదీ ఈ నెలాఖరు. ఆ రోజుల్లో నా బండి గేటు కాడే ఉంటది. తుమ్మలచెరువు తిరిగి పోవాలంటే నిన్ను మళ్ళీ..." అని ఆగిపోయింది.

"నువ్వు దాన్ని తలవమాక అక్కా," అంది సౌభాగ్యం.

లెక్క రాయడానికి భానుమూర్తి అనే గుమాస్తాను వేశారు. సన్నగా, ఇస్త్రీ చొక్కాలో, గేటు పక్క గొడుగు కింద రిజిస్టరుతో కూర్చునేవాడు. అబద్ధం రాయడు, నిజాన్ని పట్టించుకోడు, పట్టికలో ఉన్నది రాస్తాడు. మొదటి ఉదయం ఆ పట్టికను అందరికీ చదివి వినిపించాడు. "లారీ, బస్సు, కారు, ట్రాక్టరు ఒక్కొక్కటి ఒకటి. ఎద్దులబండి ఒకటి. ఆటో అర. సైకిలు పావు."

"నా ఆటో ఎద్దులబండిలో సగమా?" అంది సామ్రాజ్యం. "ఎద్దులబండి చూసి ఎన్నాళ్ళయిందయ్యా ఈ ఊళ్ళో?"

"పట్టిక ప్రకారం అంతేనమ్మా."

"నడిచిపోయేవాళ్ళో?"

"పాదచారి, సున్నా."

"బండిలో కూర్చున్నోళ్ళు?"

భానుమూర్తి పట్టిక వెనక వైపు కూడా చూశాడు. "బండే లెక్క. లోపలి మనిషి లెక్కకు రాడు."

మొదటి రోజు వంద వాహనాలు చక్రం తిరగసాగాయి. ఖాళీ లారీల వెనక ఖాళీ ట్రాక్టర్లు, వాటి వెనక ఖాళీ ఆటోలు పడమటి నుంచి తూర్పుకు, తూర్పు నుంచి పడమటికి నిర్విరామంగా దాటాయి. వాటి పక్కనే కూలికి వెళ్ళే ఆడవాళ్ళు మిర్చి గోనెలు నెత్తిన పెట్టుకొని పట్టాలు దాటుతూ, బండ్లకు దారి ఇస్తూ నిలబడ్డారు. సామ్రాజ్యం ఆటోలో వెనక సీటు ఎండకు కాలుతూ ఖాళీగా పోయింది.

"ఏమే సామ్రాజ్యం, దొరసానిలాగా ఒక్కదానివే పోతున్నావే!" అని ఒకామె నవ్వింది.

"ఎక్కించుకుంటే సామగ్రి చెడిపోద్దంట వొదినా. నేనేం జేసేది?"

మూడో రోజుకు లబ్ధం అంచనా కన్న తగ్గింది. పట్టికను మరొక్కసారి పరిశీలించగా, ఆటోకు అర, ఎద్దులబండికి ఒకటి అన్న సత్యం త్రివిక్రమరావుగారికి తట్టింది. ఎద్దులబండ్లు తెప్పించమన్నారు. ఆ చుట్టుపక్కల ఎడ్లన్నవి బండలాగుడు పందేల కోసం పెంచే ఒంగోలు జాతివి మాత్రమే, వాటిలో ఒక జత దొరికింది. రెండు టన్నుల బండను ఈడ్వడానికి అలవాటు పడ్డ ఆ జతకు ఖాళీ బండి కట్టడం అవమానం కాబోలు, అవి కదలలేదు. ఈలలు వేసి, డప్పు కొట్టి, జనం కేకలు పెడితేగాని కాలు తీయవని యజమాని మనవి చేశాడు. శాఖ ఈలలు వేసేందుకు ఆరుగురిని నియమించింది. అప్పుడు ఎడ్లు కదిలాయి. కదిలి, పందెంలో లాగే, గేటును, గొడుగును, భానుమూర్తి కుర్చీని దాటుకొని నేరుగా మిర్చి యార్డులోకి పోయి ఆగాయి. భానుమూర్తి లేచి, దుమ్ము దులుపుకొని, 'ఒకటి' అని రాశాడు.

రైళ్ళ సంఖ్య పెంచితే పోలేదా అని అనంతశయనంగారు ఒక ప్రత్యామ్నాయం సూచించారు. ఒక ఇంజనును అటూ ఇటూ తిప్పితే లబ్ధం దానంతటదే పెరుగుతుంది. సుభాని వినయంగా అడ్డు చెప్పాడు. "రైలు వచ్చినప్పుడల్లా గేటు పడతది సార్. రైళ్ళు ఎక్కువైతే బండ్లు తక్కువైతాయి." అనంతశయనంగారు కాగితం మీద ఒక వక్రరేఖ గీసి, రైళ్ళు మరీ ఎక్కువైతే వాహనం ఒక్కటీ దాటలేదనీ, అనగా వంతెన అత్యవసరమైన చోట అది అనవసరమని తేలుతుందనీ కనుగొన్నారు. ఆ వక్రరేఖకు తన పేరు పెట్టాలని ఆయనకు కోరిక.

ఈ లోపల తవ్వే యంత్రం తుప్పు పట్టసాగింది. దాని మేస్త్రీ రోజూ వచ్చి అడిగేవాడు, "సార్, గుంట ఎప్పుడు తవ్వమంటారు?"

"ఎచ్చట తవ్వెదవు?"

"ఇదిగో, ఈ రోడ్డు మీదేగా స్తంభం."

"అచ్చట కొలత సామగ్రి సంచరించుచున్నది. వంతెన అవసరమని నిరూపణ అగువరకు వంతెన కట్టుట వలన నిరూపణకు భంగము కలుగును."

మేస్త్రీ యంత్రం నీడలో పడుకున్నాడు. ఆ ఊళ్ళో ఆ వారం వంతెన వల్ల కలిగిన ఏకైక ప్రయోజనం ఆ నీడ.

ఏడో రోజు వచ్చింది. సాయంత్రం ఆరుకు లెక్క ముగుస్తుంది. అయిదున్నరకు భానుమూర్తి కూడిక వేశాడు. వాహనాలు పదహారువందల పన్నెండున్నర. దాన్ని అరవై రెండుతో హెచ్చవేస్తే తొంభై తొమ్మిదివేల తొమ్మిదివందల డెబ్బై అయిదు. పాతిక తక్కువ. సామగ్రి అంతా తమ చుట్లు ముగించుకొని వెళ్ళిపోయింది. కేటాయింపుకు మించి ఒక్క చుట్టు తిరిగినా అది అక్రమ రద్దీ. రిజిస్టరులో మిగిలి ఉన్నది ఒకే ఒక చుట్టు: సామ్రాజ్యం ఆటో, అర. ఆ అర కలిస్తే ఒక లక్షా ఆరు. వంతెన ఉన్నట్టు. కలవకపోతే లేనట్టు.

అయిదూ ముప్పై అయిదుకు సామ్రాజ్యం ఆటో పడమటి నుంచి వచ్చింది. వెనక సీట్లో సౌభాగ్యం, ఒక చేత్తో కడ్డీ పట్టుకొని, రెండో చేత్తో పొట్ట పట్టుకొని ఉంది. పెదవి కొరికి రక్తం వచ్చింది.

భానుమూర్తి లేచి అడ్డం నిలబడ్డాడు. "అమ్మా, బోర్డు చదువు. ఖాళీగానే దాటవలెను."

"నొప్పులయ్యా! కళ్ళు కనపడట్లా నీకు?"

"కనబడుతున్నాయమ్మా. మనిషి ఎక్కితే ఇది సామగ్రి కాదు, ప్రయాణం. చుట్టు చెల్లదు. చుట్టు చెల్లకపోతే వంతెన పోతుంది. మీ అర్జీలో మొదటి సంతకం నీదే కదా, నువ్వే ఆలోచించు."

సుభాని కేబిన్‌లో ఫోను పెట్టేసి పరుగున వచ్చాడు. "సామ్రాజ్యమ్మా, గూడ్సు వదిలారు! వెనకాల ఎక్స్‌ప్రెస్సు కూడా ఉంది. నాలుగు నిమిషాల్లో గేటు ఎయ్యాల. ఏస్తే మళ్ళీ ఆరున్నరకే!"

భానుమూర్తి కఠినుడు కాదు. నిజంగానే ఒక మార్గం వెతికాడు. "ఒక పని చెయ్యండి. ఆమె దిగి నడిచి దాటుతుంది. పాదచారి కనుక అభ్యంతరం లేదు. నీ ఆటో పక్కనే ఖాళీగా దాటుతుంది. అవతల మళ్ళీ ఎక్కించుకో. రెండూ సక్రమమే."

సౌభాగ్యం దిగడానికి నిజంగానే కాలు కింద పెట్టింది. వెంటనే వంగిపోయి అక్క భుజం పట్టుకుంది. "నా వల్ల గాదు అక్కా."

సామ్రాజ్యం ఆమెను మళ్ళీ సీట్లోకి నెట్టింది. గేటు అవతల ఆసుపత్రి బోర్డు వైపు ఒకసారి చూసింది. ఆ తరవాత భానుమూర్తి వైపు తిరిగిన గొంతులో కేక లేదు. బేరమాడే మనిషి గొంతు అది.

"లెక్కల సారూ. నడిచే మనిషెంతన్నావు?"

"సున్నా."

"బండిలో కూర్చున్న మనిషి?"

"లెక్కకు రాడు. అంటే, సున్నాయే."

"ఖాళీ ఆటోలో సున్నాను కూర్చోబెడితే, ఆటో ఖాళీయా, నిండా?"

భానుమూర్తి పట్టిక చూశాడు. ముందు వైపు చూశాడు, వెనక వైపు చూశాడు. నిండు చూలాలి గురించి ప్రత్యేక ప్రస్తావన ఎక్కడా లేదు.

"మూడు నిమిషాలు!" అని సుభాని అరిచాడు.

"దాని కడుపులో ఇంకో సున్నా ఉంది. కలుపుకో. ఎంతయింది?"

"...సున్నా," అన్నాడు భానుమూర్తి.

"మరి తప్పుకో!"

అతను తప్పుకున్నాడు. సుభాని పొమ్మని చేయి ఊపాడు. ఆటో పట్టాల మీద ఎగిరెగిరి దాటింది. దాని వెనకే గేటు పడింది, గూడ్సు కూత వినబడింది. భానుమూర్తి కుర్చీలో కూర్చొని రాశాడు: 'ఆటో. ఖాళీ. అర.'

ఆరు దాటి పది నిమిషాలకు సౌభాగ్యం ఆడపిల్లను కన్నది. బొడ్డుపేగు మెడకు చుట్టుకొని ఉందనీ, ఇంకో పావుగంట అయితే తన చేతుల్లో ఉండేది కాదనీ డాక్టరమ్మ చెప్పింది. సామ్రాజ్యం ఆసుపత్రి మెట్ల మీద కూర్చొని, ఆ వారంలో మొదటిసారి ఏడ్చింది.

ఇది తెలిసి శాఖలో కలకలం రేగింది. చుట్టు చెల్లుతుందా, చెల్లదా? అనంతశయనంగారు నాలుగు రోజులు తర్కించి పదకొండు పేజీల అభిప్రాయం ఇచ్చారు. 'సదరు స్త్రీ వాదము హేతుబద్ధముగా నిర్దోషము. మనుష్యుని విలువ శూన్యమని శాఖయే నిర్ణయించి యున్నందున, మనుష్యులతో కిక్కిరిసిన వాహనము సయితము ఖాళీ వాహనమే.' లబ్ధం ఒక లక్షా ఆరుగా ఖాయమయింది. వంతెన మంజూరు నిలిచింది. పని పూర్తయ్యే వరకు లెక్క ఎన్నడూ పాతబడకుండా, కొలత నిరంతరంగా సాగాలని మాత్రం ఒక షరతు పెట్టారు.

ఆ అభిప్రాయం ఊళ్ళోకి పాకడానికి ఒక్క రోజు పట్టింది. మర్నాటి నుంచి కూలీలు ఖాళీ ట్రాక్టర్లలో పోయారు. బడిపిల్లలు ఖాళీ ఆటోల్లో, ఒక్కొక్క దానిలో పదిమంది చొప్పున, పోయారు. మిర్చి గోనెల గురించి పట్టికలో ఏమీ లేదు కనుక అవి కూడా ఖాళీ లారీల్లోనే పోయాయి. సౌభాగ్యం పసిపిల్లను ఒడిలో పెట్టుకొని ఖాళీ ఆటోలో ఇల్లు చేరింది. వంతెన మాట రాకముందు గేటు ఎలా ఉండేదో అచ్చంగా అలాగే అయింది. తేడా అల్లా, ఇప్పుడు ఆ దారిని ఎవరూ పోవడం లేదని రికార్డు. తవ్వే యంత్రం అడ్డంగా ఉందని పక్కకు తీయించారు.

అయితే శంకుస్థాపన జరగాలి. కొన్ని నెలలకు ముహూర్తం పెట్టించారు, పండితుడు తొమ్మిదీ పద్దెనిమిదికి మించితే వంతెన నిలవదన్నాడు. కట్టని వంతెన నిలవకపోవడమేమిటని ఎవరూ అడగలేదు. శిలాఫలకం పడమటి వైపున. త్రివిక్రమరావుగారు పట్టు కండువాతో, చేతిలో కొబ్బరికాయతో, తూర్పు వైపున జీపు దిగేసరికి తొమ్మిదీ పది. ఆయన జీపు సామగ్రి జాబితాలో లేదు. నడిచి పోదామంటే, అధికారి హోదాలో ఉన్నవాడు పాదచారి కావడం మర్యాద కాదు. ఆయన అటూ ఇటూ చూసి, సామ్రాజ్యం ఆటో ఎక్కి కూర్చున్నారు.

"పోనీ అమ్మా, త్వరగా."

"అట్టాగే సార్," అంది సామ్రాజ్యం.

గేటు దగ్గర భానుమూర్తి రిజిస్టరుతో లేచి వచ్చాడు. నెలల తరబడి చేస్తున్న పని, అలవాటు ప్రకారం వంగి లోపలికి చూశాడు. పట్టు కండువా, కొబ్బరికాయ, వాటి మధ్య తన పై అధికారి. రాయాల్సిన గడి ఒకటే. సామగ్రి ఖాళీ అయితే అర. కాకపోతే నిషేధాన్ని అతిక్రమించిన ప్రయాణం, ఆ రోజు లెక్క చెల్లదు, మంజూరు చెల్లదు. భానుమూర్తి గౌరవంగా, నిబంధన ప్రకారం, అడిగాడు.

"లోపల ఎవరైనా ఉన్నారా సార్?"

సామ్రాజ్యం అద్దంలోంచి చూసింది. తొమ్మిదీ పదహారు. త్రివిక్రమరావుగారు గొంతు సవరించుకున్నారు, కండువా సర్దుకున్నారు, ముప్పై ఏళ్ళలో ఎన్నడూ అబద్ధమాడని స్వరంతో జవాబిచ్చారు.

"ఎవరునూ లేరు. వ్రాసుకొనుము."